ఒకే నియమం, రెండు పాఠాలు: అభిమాన గ్రూపుల్లో లొల్లి ఎక్కడ మొదలవుతోంది

పాలమూరు, నల్లగొండ పట్టణాల్లోని సినిమా అభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో మాటామాటా పెరిగి ఎవరినైనా తీసేసినప్పుడు అడ్మిన్ల వైపు నుంచి వినిపించే జవాబు దాదాపు ఒక్కటే: "రూల్స్ ముందే పెట్టాం, చదువుకోలేదు." చాలా సందర్భాల్లో ఈ జవాబు నిలబడదు. బయటికి వెళ్లిన సభ్యుడు నియమాలు చదివే ఉంటాడు. కాకపోతే అతను చదివిన నియమం వేరు, అడ్మిన్ అమలు చేసిన నియమం వేరు. రెండు భాషలు నడిచే గ్రూపుల్లో ఈ తేడా రావడానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. నియమాలు రాసిన పద్ధతే దానికి చాలు.

ఒక హీరో అభిమానుల గ్రూపును ఊహించుకుందాం. అందులో మూడో నియమం తెలుగులో "ఇతర హీరోల పోస్టులు పెట్టరాదు" అని ఉంది. దాని కిందే దక్కనీ, అంటే ఇక్కడి ఉర్దూ యాస, మాట్లాడే సభ్యుల కోసం "దూస్రే హీరోకీ బురాయీ నక్కో కరో" (వేరే హీరోను చెడుగా అనొద్దు) అని ఉంది. రాసినవాళ్ల మనసులో రెండూ ఒకటే. తెలుగు పాఠం చదివిన సభ్యుడు మాత్రం వేరే హీరో పుట్టినరోజుకు శుభాకాంక్షలు కూడా పెట్టడు. రెండో పాఠం చదివిన సభ్యుడు, ఎవరినీ తిట్టనంత వరకు ఏ హీరో పోస్టర్ అయినా పెట్టొచ్చు అనుకుంటాడు. అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు, అతనికి చెప్పింది అదే. ఇద్దరు హీరోలు కలిసి నటించిన సినిమా ఫస్ట్ లుక్ వచ్చిన రోజున ఈ రెండు పాఠాలూ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకరు పోస్టర్ పెడతారు, ఇంకొకరు "రూల్ తెలియదా" అంటారు, అడ్మిన్ తనకు గుర్తున్న పాఠం ప్రకారం తీర్పు చెబుతాడు.

ఆ తీర్పు ఎక్కువసార్లు ఒకే వైపుకు మొగ్గుతుంది. నియమాన్ని మొదట ఏ భాషలో ఆలోచించి రాశారో ఆ భాష చదివేవాళ్లు అడ్మిన్ మనసుకు దగ్గరగా ఉంటారు. రెండో భాషలో చదివేవాళ్లకు అందేది తర్వాత హడావుడిగా రాసిన పాఠం. తప్పు పాఠంలో ఉన్నా శిక్ష పడేది చదివినవాళ్లకే. ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చిన్న పట్టణంలో అభిమాన గ్రూపు అంటే ఫోన్‌లో కాలక్షేపం మాత్రమే కాదు. బెనిఫిట్ షో టికెట్లు ఎవరికి దొరుకుతాయి, రక్తదాన శిబిరానికి ఎవరు వెళ్తారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పడుతుంది అన్నవన్నీ అక్కడే తేలతాయి. గ్రూపులోంచి తీసేస్తే మనిషి వీధిలోని స్నేహాల నుంచి కూడా దూరమవుతాడు.

చదివేవాళ్లు ఎవరు?

రెండు భాషలు అనగానే తెలుగు, ఉర్దూ అని రాసుకుని ముందుకెళ్లడం సులువు. దక్షిణ తెలంగాణలో సంగతి అంత సూటిగా లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ 1948 దాకా నిజాం రాజ్యంలో భాగం. పాలన, కోర్టులు, పై చదువులు ఉర్దూలో నడిచాయి. ఇళ్లలో దక్కనీ మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడి పట్టణాల్లో ఉన్నాయి. 2017లో రాష్ట్రం మొత్తానికి ఉర్దూను రెండో అధికార భాషగా చేశారు. అయినా ఇంట్లో దక్కనీ మాట్లాడే కుర్రాడికి ఉర్దూ లిపి వచ్చి తీరుతుందని లేదు. తెలుగు మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదివినవాడు ఆ అక్షరాలు నేర్చుకుని ఉండకపోవచ్చు. ఉర్దూ మీడియంలో చదివినవాడు తెలుగు గబగబా మాట్లాడినా, చదవడానికి తడుముకోవచ్చు. బడుల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది కాబట్టి ఇప్పటి పిల్లల విషయంలో ఈ దూరం తగ్గవచ్చు. అప్పటికే చదువు ముగించిన అభిమానులకు దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ కూడా కలుస్తుంది. సరిహద్దున ఉన్న కృష్ణా మండలంలో కన్నడ మీడియం బడులే ఉన్నాయి. అటు రాయచూరుకు రోజూ వెళ్లొచ్చే కుటుంబాల్లో హైదరాబాద్ సినిమా, బెంగళూరు సినిమా రెండూ సొంతమే. ఇలాంటి చోట "మన హీరో" అన్న మాటకే ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటారు.

అందరికంటే ఎక్కువగా మరచిపోయేది వలస కుటుంబాలను. నల్లగొండ ప్రాంతపు నేత కుటుంబాలు ఎన్నో భివండి, షోలాపూర్, సూరత్ పట్టణాల్లో స్థిరపడ్డాయి. పాలమూరు కూలీలు తరతరాలుగా ముంబై, పుణె దాకా పనికి వెళ్తున్నారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు హీరో అంటే ప్రాణం పెడతారు, కానీ తెలుగు అక్షరాలు చదవలేని వాళ్లు వాళ్లలో చాలామంది. చదివేది దేవనాగరి, లేదా ఇంగ్లిష్. ఇలాంటి అభిమానికి తెలుగు లిపిలో రాసిన నియమం అందదు, ఉర్దూ లిపిలో రాసిందీ అందదు. అతనికి భాష వచ్చు, లిపి రాదు. గ్రూపులో అతను చక్కగా మాట్లాడుతూ ఉంటాడు కాబట్టి నియమం చదవలేకపోయాడన్న అనుమానం కూడా ఎవరికీ రాదు.

అందుకని నియమాలు రాసే ముందు అడగాల్సిన ప్రశ్న "మీ భాష ఏది" అన్నది కాదు. "ఏది వింటే అర్థమవుతుంది, ఏ అక్షరాలు చదవగలరు" అని రెండు విడివిడి ప్రశ్నలు అడగాలి. వాట్సాప్‌లో పోల్ పెట్టే వీలు 2022 నుంచి ఉంది. రెండు పోల్స్ పెడితే ఒక సాయంత్రంలో లెక్క తేలిపోతుంది. ఊహ మీద ఆధారపడి రాసిన ఉర్దూ పాఠం కంటే, సభ్యులు నిజంగా చదవగలిగే అక్షరాల్లో రాసిన నాలుగు లైన్లు ఎక్కువ పనికొస్తాయి.

చాలా గ్రూపుల్లో ఈ ప్రశ్నకు దొరికిన మధ్యే మార్గం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం. తెలుగు లిపి రానివాళ్లు కూడా కూడబలుక్కుని చదువుకుంటారు, కాబట్టి దీన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ రాతకు స్థిరమైన అక్షరక్రమం లేదు. ఒకే మాటను ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. పాత నియమం వెతుకుదామని ఫోన్‌లో సెర్చ్ కొడితే దొరకదు. ప్రతి నియమానికీ ఒక అంకె ఇచ్చి, ఆ అంకెను అన్ని పాఠాల్లోనూ ఒకేలా ఉంచితే ఈ చిక్కు పోతుంది. "రూల్ 3 చూడండి అన్నా" అంటే ఏ లిపి చదివేవాడైనా నేరుగా మూడో నంబర్‌కు వెళ్తాడు.

భాష నియమం రాయని సభ

రెండు భాషల వాళ్లు ఒకచోట చేరినప్పుడు ఎవరు ఏ భాషలో మాట్లాడాలో ముందే చెప్పుకోకపోతే ఏమవుతుందో తెలంగాణ చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లోని వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. మరాఠీ సంఘ సంస్కర్త మహర్షి కర్వే అధ్యక్షులు. ఇతర భాషల్లో ప్రసంగాలు జరిగాయి, ఎవరూ అడ్డు చెప్పలేదు. అల్లంపల్లి వేంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోయేసరికి సభలోని మరాఠీ వాళ్లు గోల చేసి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే నిజాం రాష్ట్రంలోని తెలుగువాళ్ల సంస్థగా ఆంధ్ర జన సంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో మొదటి సభ జోగిపేటలో, మరుసటి ఏడాది రెండో సభ నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగాయి. దేవరకొండ సభకు పాలమూరు జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించారు.

ఆ ఘటనను ఆత్మగౌరవం కోణంలోనే ఎక్కువగా చెప్పుకుంటారు, అది సరైనదే. గ్రూపు నియమాల కోణం నుంచి చూస్తే ఇంకొక విషయం కూడా కనిపిస్తుంది. సంఖ్యలో బలంగా ఉన్నవాళ్ల అలవాటే అక్కడ నియమంగా చెలామణీ అయింది. ఎవరూ రాయని ఆ నియమం దాన్ని పాటించేవాళ్లకు కనపడలేదు. దెబ్బతిన్నవాళ్లకు మాత్రం స్పష్టంగా కనపడింది. ఇవాళ్టి గ్రూపుల్లో జరుగుతున్నది స్థాయిలో చాలా చిన్నదే. అయినా వాయిస్ మెసేజ్ దక్కనీలో పెట్టిన సభ్యుడికి "తెలుగులో చెప్పు భాయ్" అని నలుగురు వరసగా జవాబిచ్చినప్పుడు, అలాంటి నియమం ఎక్కడా రాసి లేకపోయినా అమలులోకి వచ్చేసినట్టే.

దీనికి విరుగుడుగా కొందరు "గ్రూపులో తెలుగు మాత్రమే" అని రాసేస్తారు. స్పష్టత వస్తుంది, నిజమే. కానీ ఆ స్పష్టతకు వెల కట్టేది ఎప్పుడూ ఒకే వైపు వాళ్లు. మాట్లాడే భాషను వదిలేసి, ప్రకటించే భాషను కట్టడి చేయడం మేలు. సభ్యులు ఏ భాషలోనైనా మాట్లాడుకోవచ్చు. అడ్మిన్లు ఇచ్చే ప్రకటన మాత్రం, అంటే టికెట్లు, శిబిరం తేదీ, నియమం మార్పు, ఎవరినైనా తీసేసిన కారణం, ఇవన్నీ రెండు పాఠాల్లోనూ ఒకేసారి రావాలి. ఒక పాఠం ఉదయం, రెండోది రాత్రి వస్తే ఆ మధ్యలో టికెట్లు అయిపోతాయి. రెండో భాష వాళ్లకు మిగిలేది సంజాయిషీ మాత్రమే.

ఏ పాఠం చెల్లుతుంది?

రెండు పాఠాలు ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. చట్టాలు రాసేవాళ్లకే ఇది తప్పలేదు. అందుకే వాళ్లు తేడా వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే రాసుకున్నారు. మన రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఒక రాష్ట్రం తన చట్టాన్ని వేరే భాషలో చేసుకోవచ్చు, కానీ గవర్నర్ అధికారంతో ప్రచురించిన ఇంగ్లిష్ అనువాదాన్నే ప్రామాణిక పాఠంగా తీసుకుంటారు. కెనడా దీనికి భిన్నమైన దారి పట్టింది. అక్కడ కేంద్ర చట్టాల ఇంగ్లిష్, ఫ్రెంచ్ పాఠాలు రెండూ సమానం. రెండింటి మధ్య తేడా వస్తే కోర్టు రెండింటికీ సరిపోయే అర్థం కోసం వెతుకుతుంది.

అభిమాన గ్రూపుకు ఈ రెండు దారుల్లో ఏదైనా పనికొస్తుంది, ఒక షరతు మీద. ఏ దారి ఎంచుకున్నారో నియమాల మొదటి లైనులోనే రాయాలి. రాయకపోతే అడ్మిన్‌కు ఆ పూట ఏది గుర్తుంటే అదే చెల్లుతుంది. తెలుగు పాఠమే చెల్లుతుందని రాసినా, దానికి తోడు ఇంకో మాట తప్పక ఉండాలి: రెండో పాఠం చదివి దాని ప్రకారం నడుచుకున్న సభ్యుడిని శిక్షించకూడదు, పోస్టు తీసి వివరం చెప్పి వదిలేయాలి. శిక్ష వేసే చట్టంలో అర్థం రెండు రకాలుగా వస్తే నిందితుడికి అనుకూలమైన అర్థాన్ని తీసుకోవడం న్యాయస్థానాల్లో పాతకాలం నుంచి ఉన్న సూత్రం. వెయ్యి మంది ఉన్న గ్రూపు దాన్ని పాటించకపోవడానికి కారణమేమీ లేదు.

"అభ్యంతరకర పోస్టులు పెట్టరాదు"

ఈ వాక్యం లేని గ్రూపు అరుదు. దీనితో వచ్చినంత గందరగోళం మరే నియమంతోనూ రాదు. ఎవరికి అభ్యంతరం? ఏది అభ్యంతరం? వేరే హీరో సినిమా వసూళ్లు తక్కువ అని చెప్పడమా, ఆ హీరో కుటుంబం మీద మాట అనడమా, ఒక మతం పండుగ మీద మీమ్ పెట్టడమా? ఒకే వాక్యం కింద ఈ మూడూ వస్తాయి. మొదటిది అభిమానుల రోజువారీ కబురు. రెండోది దిగజారుడుతనం. మూడోది పోలీస్ స్టేషన్ దాకా వెళ్లగలిగిన వ్యవహారం.

సుప్రీంకోర్టు ఈ చిక్కును చాలా పెద్ద స్థాయిలో పరిష్కరించింది. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ తీవ్రంగా నొప్పించే సందేశం, చిరాకు కలిగించే సందేశం, అసౌకర్యం కలిగించే సందేశం వంటివాటిని నేరం చేసింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ముఖ్యమైన కారణాల్లో ఒకటి, ఆ మాటలకు హద్దు లేదు. ఏది నేరమో పౌరుడికీ తెలియదు, పట్టుకునే అధికారికీ తెలియదు. ఒకరికి చిరాకు తెప్పించింది ఇంకొకరికి మామూలు మాట కావచ్చు. దేశ చట్టంలోనే నిలబడని రాత గ్రూపు డిస్క్రిప్షన్‌లో మాత్రం దర్జాగా నిలబడి ఉంది. రెండు భాషల గ్రూపులో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఏ మాట మోటు, ఏ మాట చనువు అన్నది భాషను బట్టి మారుతుంది. దక్కనీలో దోస్తులు ఒకరినొకరు పిలుచుకునే తీరు తెలుగు చెవికి తిట్టులా వినిపించవచ్చు. నల్లగొండ యాసలో "ఏందిరా" అనేది దగ్గరితనం, వేరేచోట పెరిగినవాడికి అది అమర్యాద.

అడ్మిన్లు ఇలా గోడలాంటి వాక్యం రాసుకోవడానికి వెనక ఒక భయం ఉంది. గ్రూపులో ఎవరో ఏదో పెడితే కేసు తమ మీద పడుతుందన్న టెన్షన్. ఈ విషయంలో కోర్టులు కొంత స్పష్టత ఇచ్చాయి. బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో ఒకే మాట చెప్పాయి: సభ్యుడు పెట్టిన దానికి, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో అడ్మిన్ నేరస్థుడు కాడు. అయితే నాగపూర్ ధర్మాసనం తీర్పు నాటికి వేరొకరి మెసేజ్‌ను అందరి ఫోన్లలోంచి తీసేసే వీలు అడ్మిన్‌కు లేదు. 2022లో వాట్సాప్ ఆ వీలు ఇచ్చింది. తెలిసీ చూస్తూ ఊరుకోవడం, తానే ముందుకు పంపడం వేరే సంగతులు, వాటికి ఈ తీర్పులు అడ్డురావు. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడాన్ని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ నేరంగా చూస్తుంది. కాబట్టి ఆ ఒక్క నియమాన్ని విడదీసి, గట్టిగా, ఏ పాఠంలోనూ మెత్తబడకుండా రాయాలి. వసూళ్ల వాదనలను, మతం మీద మీమ్‌లను ఒకే వాక్యంలో కట్టేస్తే రెండోదాని తీవ్రత ఎవరికీ అర్థం కాదు.

థియేటర్ క్లిప్పు

రిలీజ్ రోజు వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం దీని చుట్టూనే. "క్లిప్పులు పెట్టరాదు" అని నియమం ఉంటుంది. సాయంత్రానికి ఎవరో నిర్మాణ సంస్థ స్వయంగా విడుదల చేసిన టీజర్ లింకు పెడతారు, అదీ క్లిప్పే అని తీసేస్తారు. అదే గ్రూపులో తెర ముందు ఎగురుతున్న అభిమానుల వీడియో ఉంటుంది, వెనక తెర మీద హీరో ఎంట్రీ మొత్తం కనిపిస్తూ ఉంటుంది. దాన్ని సంబరం అని ఉంచేస్తారు. చట్టం ఈ రెండింటినీ సరిగ్గా తిప్పి చూస్తుంది.

2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టంలో 6ఏఏ అనే సెక్షన్ చేరింది. అనుమతి లేకుండా, నకలు తీసే ఉద్దేశంతో థియేటర్లో సినిమాను రికార్డు చేయడం నేరం. సినిమా మొత్తం అక్కర్లేదు, అందులో ఒక భాగం అయినా చాలు. శిక్ష కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. జరిమానా కనీసం 3 లక్షల రూపాయలు, పైన సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. ఫోన్ ఎత్తి ముప్పై సెకన్లు తీసిన కుర్రాడికి ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ. ఈ నియమాన్ని రెండు పాఠాల్లోనూ పనిని బట్టే రాయాలి. థియేటర్లో నడుస్తున్న తెరను తీసిన ఫొటో గానీ వీడియో గానీ పెట్టకూడదు. నిర్మాతలు విడుదల చేసిన టీజర్, ట్రైలర్, పాట లింకులు పెట్టొచ్చు. థియేటర్ బయట కటౌట్, పాలాభిషేకం, డప్పుల వీడియోలు పెట్టొచ్చు. మూడు వాక్యాలు, మూడింటిలోనూ వాదనకు చోటు లేదు. "క్లిప్పు" అన్న మాటే వాడలేదని గమనించవచ్చు.

కథ చెప్పేయడం గురించి కూడా ఇలాగే రాయవచ్చు. ఎన్ని రోజులు ఆగాలో అంకె పెట్టాలి, అంతే. "కొన్నాళ్ల దాకా" అంటే మొదటి ఆట చూసినవాడికి ఒక పూట, భివండిలో ఆదివారం సెలవు కోసం ఎదురుచూసే మగ్గం పనివాడికి వారం.

రాయాల్సిన తీరు

నియమాన్ని తెలుగులో పూర్తిగా రాసి, తర్వాత ఎవరితోనో రెండో భాషలోకి మార్పించడం ఇప్పుడు అందరూ చేస్తున్న పని. పైన చూసిన తేడాలన్నీ అక్కడే పుడుతున్నాయి. ముందు పోస్టులతో మొదలుపెడితే దారి మారుతుంది. గత కొన్ని నెలల్లో గొడవ తెచ్చిన పోస్టులను, పేర్లు తీసేసి, ఒకచోట పెట్టుకోవాలి. తెలుగులో చదివే ఇద్దరు, రెండో భాషలో చదివే ఇద్దరు కూర్చుని ఒక్కొక్క పోస్టును చూసి ఉంచాలా తీసేయాలా తేల్చాలి. నిర్ణయాలు కుదిరాక మాత్రమే వాక్యాలు రాయాలి, అదీ ఎవరి భాషలో వాళ్లు, ఎదుటివాళ్ల పాఠం చూడకుండా. ఆ తర్వాత పాఠాలు మార్చుకుని, అవే పోస్టులను కొత్త నియమంతో మళ్లీ తూచాలి. రెండు వైపులా ఒకే జవాబు రాని నియమాన్ని తిరగరాయాలి. పని కొంచెం ఎక్కువే. కానీ ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే ఏడాది పొడవునా వచ్చే కిరికిరి తగ్గుతుంది.

ఇలా చేస్తే వాక్యాల బలం కూడా దానంతట అదే సరిపోతుంది. ఒక పాఠంలో "పెట్టరాదు" అని, ఇంకో పాఠంలో "వీలైతే పెట్టకండి" అని వచ్చే తేడా పక్కపక్కన చూస్తే వెంటనే తెలిసిపోతుంది. విడివిడిగా చూస్తే ఎప్పటికీ తెలియదు. ఫోన్‌లోని అనువాద సాధనాలు ఈ పనికి అక్కరకు రావన్నది ఇక్కడే. వాటికి యాస తెలియదు. దక్కనీని అవి హిందీ అనుకుంటాయి.

ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నియమాలు కనపడకుండా పోవడానికి అదే పెద్ద కారణం. వాట్సాప్‌లో పిన్ చేసిన మెసేజ్ 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అన్న మూడు గడువుల్లో ఏదో ఒకదానికే ఉంటుంది. నెల దాటాక పిన్ ఊడిపోతుంది. అడ్మిన్ తాను పిన్ చేసినట్టే గుర్తుంచుకుంటాడు, ఆ తర్వాత చేరినవాడు దాన్ని చూసే ఉండడు. గ్రూపు డిస్క్రిప్షన్‌కు గడువు లేదు, నియమాల చోటు అది. అక్కడ తెలుగు పాఠం ముందు, రెండో పాఠం కింద ఉంటే, కిందిది చూడాలంటే నొక్కి తెరవాలి. చాలామంది తెరవరు. ఒకదాని కింద ఒకటిగా రెండు పూర్తి పాఠాలు పెట్టడం కంటే, ఒకటో నియమం రెండు భాషల్లో, రెండో నియమం రెండు భాషల్లో అని అల్లుకుంటూ పోతే రెండో భాష చదివేవాళ్లకు కూడా మొదటి తెరలోనే తమ అక్షరాలు కనిపిస్తాయి. చదవడం రానివాళ్ల కోసం అవే నియమాలను నెమ్మదిగా చదివిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉంచాలి. ఉప్పల్, ఎల్బీనగర్‌లలో తాపీ పని చేసుకుంటూ రాత్రి గ్రూపు చూసే పాలమూరు పెద్దమనిషికి అదే నియమావళి.

ఇంకొక నియమాన్ని ఇంత వివరంగా వాదించాల్సిన పని కూడా లేదు, రాసి తీరాలి. గ్రూపులో ఉన్న ప్రతి సభ్యురాలి ఫోన్ నంబర్ మిగతా అందరికీ కనిపిస్తుంది. అభిమాన గ్రూపుల్లో చేరడానికి ఆడవాళ్లు వెనకాడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అడగకుండా విడిగా మెసేజ్ చేయకూడదు, నంబర్ బయటికి ఇవ్వకూడదు అని రెండు పాఠాల్లోనూ ఒకటో నంబర్‌గా ఉండాలి. వద్దన్న తర్వాత కూడా పదే పదే వెంటపడటం న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఇలాంటి ఫిర్యాదులే చూస్తాయి. ఈ నియమం దగ్గర "ఇతను రెండో పాఠం చదివాడు, అర్థం కాలేదు" అన్న మినహాయింపు వర్తించదు. అర్థం కాకపోయే సంగతి ఇందులో లేదు.

తీసేయడం, మార్చడం

తీసేసిన సభ్యుడికి కారణం అతను చదవగలిగే అక్షరాల్లో వెళ్లాలి, నియమం అంకెతో సహా. గ్రూపులో అందరి ముందూ కాదు, అతనికి విడిగా. తీసేసిన అడ్మిన్ కాకుండా వేరే అడ్మిన్ ఒకరు అతని మాట వినాలి. వీలైతే ఆ రెండో మనిషి అతని భాష మాట్లాడేవాడై ఉండాలి. అడ్మిన్లందరూ ఒకే భాష వాళ్లైన గ్రూపులో ఇది కుదరదు కాబట్టి, నియమాలు సరిచేయడానికి ముందే అడ్మిన్ల జాబితాను సరిచేసుకోవాలి. నలుగురు అడ్మిన్లలో ఒక్కరైనా రెండో భాషలో చదివి జవాబివ్వగలిగితే చాలా గొడవలు "అన్నా, ఇది పెట్టొచ్చా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

నియమాలు మారుతూ ఉంటాయి. కొత్త సినిమా వస్తుంది, కొత్త గొడవ వస్తుంది, ఒక లైను చేరుతుంది. తెలుగు పాఠంలో ఆ రాత్రే చేరుస్తారు, రెండో పాఠం అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలలకు రెండింటికీ పొంతన ఉండదు. చేసిన రోజున తప్పు కాని పనికి తర్వాత వచ్చిన చట్టంతో శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. గ్రూపులో దీన్ని అమలు చేయడానికి ప్రతి నియమం పక్కన తేదీ ఉంటే సరిపోతుంది. మార్చినప్పుడు రెండు పాఠాల్లోనూ తేదీ మారాలి. ఒక పాఠంలోనే మార్పు చేరి ఉంటే, రెండో పాఠం వచ్చిన తేదీ నుంచే ఆ మార్పు ఇద్దరికీ వర్తించాలి. అప్పటిదాకా పాత నియమమే, తెలుగు చదివేవాళ్లకు కూడా.